గోడ బయటికి తిరిగిన మైకు

"చంపినవాడి చేతికి మైకిచ్చి, చచ్చినవాడి ఇంట్లోవాళ్లను కూర్చుని వినమంటారా?"

పోయినేడాది ఒక సాహిత్య సభలో, అమెరికా జైల్లో ఖైదీలు తయారుచేసే ఒక పాడ్‌కాస్టు గురించి పావుగంట మాట్లాడి కూర్చున్నాను. ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి ఈ ప్రశ్న వేశారు. రిటైరైన లెక్చరరు. బాగా చదువుకున్న మనిషి, మెత్తని మనిషి. ఆయన అడగ్గానే హాలంతా చప్పట్లు. నేనేదో చెప్పాను గానీ ఆ జవాబు నాకే ఆనలేదు. అప్పటినుంచీ ఆ ప్రశ్న నాతోనే తిరుగుతోంది.

అది ఆయన ఒక్కరి ప్రశ్న కాదు. జైలు నుంచి గొంతు బయటికొస్తే బాధితుల పుండు మీద కారం చల్లినట్టేనని, నేరం చేసినవాడు హీరో అయి కూర్చుంటాడని, నోరు మూసుకుని పడి ఉండటం కూడా శిక్షలో భాగమేనని మనలో చాలామంది నమ్మకం. మంచివాళ్ల నమ్మకం అది. పోయినవాళ్ల తరఫున అడుగుతున్నామనుకుంటారు కనుకే అంత గట్టిగా అడుగుతారు. ఆ నమ్మకం తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మన పేరు మీద, మన పన్నుల డబ్బుతో, నాలుగు గోడల మధ్య ఏం జరుగుతోందో తెలుసుకోవలసింది మనం. అందుకున్న కొద్దిపాటి దారుల్లో ఖైదీ గొంతు ఒకటి. దాన్ని మూసేస్తే బాధితుడికి దక్కేదేమీ లేదు. దక్కేది వేరేవాళ్లకు. ఎవరికో కిందికి పోయేకొద్దీ తెలుస్తుంది.

ముందు ఆ పాడ్‌కాస్టు సంగతి చెప్పాలి. వినకుండానే తీర్పు చెప్పడం ఈ విషయంలో మామూలైపోయింది.

శాన్ క్వెంటిన్ జైలు కాలిఫోర్నియాలో సముద్రపు పాయ ఒడ్డున 1852 నుంచీ ఉంది. నైజెల్ పూర్ అనే ఫొటోగ్రఫీ ప్రొఫెసరు 2011లో అక్కడి ఖైదీలకు పాఠం చెప్పడానికి వెళ్లారు. లోపల ఎర్లాన్ వుడ్స్ అనే ఖైదీతో పరిచయమైంది. దోపిడీ ప్రయత్నం కేసులో అతనికి పడిన శిక్ష 31 ఏళ్ల నుంచి జీవితాంతం దాకా. మూడోసారి దొరికినవాడికి యావజ్జీవం వేసే 'త్రీ స్ట్రైక్స్' చట్టం అతని మెడకు చుట్టుకుంది. వీళ్లిద్దరికీ శబ్దాలు కూర్చడంలో నేర్పున్న ఆంత్వాన్ విలియమ్స్ అనే మరో ఖైదీ తోడయ్యాడు. 2016లో రేడియోటోపియా సంస్థ పెట్టిన పోటీకి 1,537 ఎంట్రీలొస్తే గెలిచింది వీళ్లది. 2017 జూన్‌లో 'ఇయర్ హసల్' మొదలైంది. పక్కవాళ్ల మాటలు చెవి ఒగ్గి వినడాన్ని అక్కడి జైలు యాసలో అలా అంటారట.

మొదటి ఎపిసోడు దేని మీదనుకున్నారు? ఐదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న సెల్లులో ఇంకో మగమనిషితో కలిసి బతకడం మీద. ఒకడు మంచం దిగితే తప్ప రెండోవాడికి నిలబడే చోటుండదు. గురక, కంపు, మరుగులేని మరుగుదొడ్డి, ఎవడి పక్కన పడతామోనన్న భయం. కత్తి లేదు, తుపాకీ లేదు, హత్య జరిగిన రాత్రి వర్ణన లేదు. మరో ఎపిసోడులో చేతికి దొరికిన చిన్నచిన్న పురుగునీ పిట్టనీ సాకే ఖైదీ ఒకడు మాట్లాడతాడు. 'చేశావా, చేయలేదా' అన్న ప్రశ్న చుట్టూ ఈ కార్యక్రమం తిరగదు. చేశాను, అనుభవిస్తున్నాను, ఇక్కడ రోజు ఇలా గడుస్తుంది అన్నచోట మొదలవుతుంది. ఇందులో హీరోయిజం ఎక్కడుందో ఎవరైనా విని చెప్పాలి. జైలంటే భయం పుట్టాలని కోరేవాళ్లు కూడా సినిమాకు బదులు తమ పిల్లలకు దీన్ని వినిపించడం మేలు. సినిమాలో జైలు గేటు తెరుచుకుంటే కథానాయకుడు నెమ్మదిగా నడిచొస్తాడు, వెనక సంగీతం మోగుతుంది. ఆ గేటు లోపల మనిషి ఏమవుతాడో ఏ సినిమా పదినిమిషాలు నిలబడి చూపదు. నేరాన్ని మోజుగా మార్చేది ఆ నడక. సెల్లులో గురక గురించి చెప్పుకునేవాడి గొంతు కాదు.

పెద్దాయన ప్రశ్నలో నేను ఒప్పుకోవలసిన భాగం ఒకటుంది. 2014లో వచ్చిన 'సీరియల్' పాడ్‌కాస్టు జైలునుంచి వచ్చే ఫోను కాల్స్ మీదే నడిచింది. ఒక హత్య కేసును లోకమంతా వారంవారం పరిశోధకులై చర్చించుకుంది. చనిపోయిన అమ్మాయి కుటుంబం అది తమను ఎంత కోసేసిందో బయటికే చెప్పుకుంది. వాళ్ల బాధ నిజం. హత్యను పొడుపు కథ చేసి విప్పుకోవడం వేరు, జైలును విప్పి చూపడం వేరు అని అక్కడే నాకు అర్థమైంది. మొదటిదానికి నేను వకాల్తా పుచ్చుకోను. అయితే ఆ కథను అలా మలిచింది బయటి విలేకరులు, బయటి శ్రోతలు. ఆ పాపాన్ని జైల్లో ఉన్న ప్రతి గొంతు మీదా మోపలేం.

ఇక అసలు ప్రశ్న. ఖైదీ నోరు మూయిస్తే బాధితుడికి మేలా?

ఇంగ్లాండులో ఒకే తీర్పులో ఇరుక్కున్న ఇద్దరు ఖైదీల కథ చెబుతాను. నాకు తెలిసి ఈ ప్రశ్నకు దీన్ని మించిన పరీక్ష లేదు. ఇయాన్ సిమ్స్, మైఖేల్ ఓబ్రియన్ ఇద్దరూ హత్య కేసుల్లో జీవితఖైదీలు. ఇద్దరూ తాము చేయలేదనేవాళ్లు. తమ కేసును విలేకరులకు చెప్పుకుంటామన్నారు. జైలు శాఖ ఒక షరతు పెట్టింది: విలేకరి వచ్చి కలవవచ్చు, విన్నది మాత్రం ఎక్కడా వాడనని సంతకం పెట్టాలి. అంటే విను, కానీ విన్నట్టు ఎవరికీ చెప్పకు. గొడవ హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయింది. 1999లో ఆ అడ్డుకట్ట చెల్లదని తీర్పు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఓబ్రియన్ శిక్షను అప్పీలు కోర్టు కొట్టేసింది. 11 ఏళ్లు చేయని హత్యకు లోపలున్నాడు ఆ మనిషి.

సిమ్స్ సంగతి పూర్తిగా వేరు. అతని శిక్ష శిక్షగానే నిలిచింది. చంపిన అమ్మాయి శవాన్ని ఏం చేశాడో అతను ఎప్పటికీ చెప్పలేదు. ఆ అమ్మాయి తల్లి ఏళ్లకేళ్లు పోరాడింది. దేనికోసం? అతని నోరు మూయించమని కాదు, తెరిపించమని. శవం ఎక్కడుందో చెప్పని హంతకుణ్ణి పెరోలు మీద వదిలేముందు ఆ మౌనాన్ని లెక్కలోకి తీసుకోవాలని 2020లో బ్రిటన్ పార్లమెంటు ఒక చట్టమే చేసింది. ఆ చట్టాన్ని అక్కడ చనిపోయిన అమ్మాయి పేరుతోనే పిలుస్తారు. చట్టం అమలుకు రాకముందే సిమ్స్ విడుదలయ్యాడు. చెప్పకుండానే 2022లో చచ్చిపోయాడు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. నిరపరాధికి గొంతు కావాలి, బయటపడటానికి. అపరాధి గొంతు కావలసింది ఎవరికి? బాధితురాలి తల్లికి. 'పోయినవాళ్ల తరఫున' ఖైదీని మాట్లాడొద్దనే మనం ఆ తల్లిని ఒక్కసారైనా అడిగామా?

ఇయర్ హసల్‌లోనే 2018లో వచ్చిన ఒక ఎపిసోడు నా మనసులో ముల్లులా ఉండిపోయింది. సారా క్రూజన్ అనే ఆమె చిన్నతనంలోనే ఒంటిని అమ్ముకునే రొంపిలోకి దించబడింది. పదహారేళ్లకు తనను దించినవాణ్ణి కాల్చి చంపింది. జీవితఖైదు పడి, 2013లో బయటికొచ్చింది. ఆమె శాన్ క్వెంటిన్‌లోకి వెళ్లి, ఆడపిల్లల్ని అదే రొంపిలోకి దించి జైలుకొచ్చిన ఒక మనిషి ఎదురుగా కూర్చుంది. అతన్ని అడుగుతుంది. అతను చెబుతాడు. తడబడతాడు. క్షమాపణల సీనేమీ లేదు, ఆర్కెస్ట్రా లేదు. మధ్యలో మాట రాని చోట్లు ఉన్నాయి. ఎవరు బాధితులు, ఎవరు నేరస్థులు అన్న గీత ఆమె ఒక్క జీవితంలోనే రెండువైపులా నడిచింది. ఆ గదిలో మైకు లేకపోతే ఎవరి గౌరవం కాపాడినట్టు?

*

ఖైదీ గొంతు బయటికొస్తే నిజంగా భయపడేది ఎవరో మన సుప్రీంకోర్టు రికార్డుల్లోనే ఉంది.

మద్రాసులో 'ఆటో శంకర్' అని పేరుపడ్డ మనిషి ఆరు హత్యల కేసులో ఉరిశిక్ష పడ్డవాడు. నిరపరాధి అని అతని గురించి ఎవరూ అనరు. చెంగల్పట్టు సబ్‌జైల్లో ఉండగా ఆత్మకథ రాశాడని, తన నేరాల్లో పాలున్న ఐఏఎస్, ఐపీఎస్ అధికారుల సంగతులు అందులో ఉన్నాయని చెప్పి 'నక్కీరన్' అనే తమిళ పత్రిక దాన్ని అచ్చువేయబోయింది. 1994 జూన్‌లో జైళ్ల శాఖ పెద్ద అధికారి నుంచి పత్రికకు ఉత్తరం వచ్చింది: ఇది బూటకం, ఆపండి. పత్రికవాళ్లు కోర్టుకెక్కారు. ఆ ఏడు అక్టోబరులో తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్లినవారు. పబ్లిక్ రికార్డుల్లో ఉన్న మేరకు అతని కథను అతని అనుమతి లేకుండానే అచ్చువేసుకోవచ్చని, అంతకు మించి వ్యక్తిగత విషయాల్లోకి పోతే దాని పర్యవసానం పత్రికే భరించాలని అన్నారు. తమ పరువు పోతుందని భయపడి అధికారులు ముందే అచ్చును ఆపలేరు అన్నది అందులోని గట్టి మాట. మరుసటేడు శంకర్‌ను సేలం జైల్లో ఉరితీశారు.

ఈ కేసులో హతుల కుటుంబాలు కాదు, ఉత్తరం రాసింది జైలు శాఖ. బయటపడతాయనుకున్నవి అధికారుల పేర్లు. 'బాధితుల మనోభావాలు' అనే గొడుగు కింద నిలబడి తడవకుండా ఉన్నది ఎవరో ఇంతకన్నా విప్పి చెప్పనక్కర్లేదు.

అంతకు ముందు 1965లో సంజ్‌గిరి కేసు. ఆయన భారత రక్షణ నిబంధనల కింద నిర్బంధంలో ఉండి మరాఠీలో ఒక పుస్తకం రాశాడు. దేని గురించి? అణువు లోపల ఏముంటుందో చెప్పే సైన్సు పుస్తకం. రాతప్రతిని భార్యకు పంపుతానంటే ప్రభుత్వం కుదరదంది. అణువు గురించి రాసినా ఆపారు! నిర్బంధ షరతుల్లో అలాంటి నిషేధం లేనప్పుడు ఆపే అధికారం మీకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అరవై ఏళ్ల నాటి మాట. అయినా ఈ రోజుకీ మన దగ్గర లోపలి మాట బయటికి రావడమంటే ఎవరో దయతలిచి అనుమతి ఇచ్చినట్టే.

*

'ఖైదీ' అనగానే మన కళ్లముందు నిలబడేది ఆటో శంకరే. లెక్కలు మరోమాట చెబుతాయి. 2022 చివర్న దేశంలోని జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది. వాళ్లలో విచారణ ఖైదీలు 4,34,302. నూటికి 75 మందికి పైగా ఇంకా ఏ కోర్టూ దోషులని తేల్చనివాళ్లు. నోరు మూసుకోవడం శిక్షలో భాగమే అనుకుందాం కాసేపు. శిక్షే పడనివాడు ఏ శిక్షలో భాగంగా నోరు మూసుకోవాలి?

మా మేనమామ ఆ లెక్కలో ఒకడిగా మూడేళ్ల రెండు నెలలు ఉన్నాడు. ఊళ్లో గట్టు తగాదా రాత్రిపూట కొట్లాట అయ్యి ఒకాయన చనిపోయాడు. పదకొండుమంది మీద కేసు. మామయ్య ఏ-7. బెయిలు రెండుసార్లు కొట్టేశారు.

ములాఖత్‌కు అత్తతోపాటు నేను నాలుగుసార్లు వెళ్లాను. తెల్లవారుజామున బస్సెక్కి, ఆధార్ జిరాక్సులు పట్టుకుని, చీటీ రాయించుకుని, ఎండలో నిలబడితే పదకొండు తర్వాత లోపలికి పిలిచేవాళ్లు. పొడవాటి గది. మనవైపు ఒక ఇనుప జాలీ, వాళ్లవైపు ఒక జాలీ, మధ్యలో మనిషి నడిచేంత సందు. అటు ముప్పైమంది, ఇటు నలభైమంది, అందరూ ఒకేసారి అరుస్తారు. పక్కవాడు అరుస్తున్నాడు కనుక మనమూ అరుస్తాం, మనం అరుస్తున్నాం కనుక వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. చంటిపిల్లలు ఏడుస్తుంటారు. అత్త బస్సులో వస్తున్నంతసేపూ చెప్పవలసినవి వేళ్ల మీద లెక్కపెట్టుకునేది: గేదె ఈనింది, చిన్నోడి ఫీజు కట్టలేదు, లాయరు ఇంకో ఇరవై అడుగుతున్నాడు, కౌలుకు తీసుకున్నాయన చేను వదిలేస్తానంటున్నాడు. తీరా జాలీ ముందు నిలబడ్డాక ఆమె నోట్లోంచి వచ్చేది ఒకే మాట, "తిన్నావా?" ఆయన తలూపేవాడు. మళ్లీ "తిన్నావా?" విజిల్ వేసేవాళ్లు. అయిపోయేది.

బయటికొచ్చాక మామయ్య ఒకసారి నాతో అన్నాడు: "మీ అత్త ఏం చెప్పిందో ఆ మూడేళ్లలో ఒక్కసారీ పూర్తిగా వినలేదురా. పెదాలు చూసి ఊహించుకునేవాణ్ణి."

కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి రాష్ట్ర జైళ్లలో ఖైదీలు ఇంటికి చేసే ఫోన్లు ఉచితం. అక్కడివాళ్లు మంచివాళ్లు, మనం చెడ్డవాళ్లం అని చెప్పడానికి ఇది ఎత్తడం లేదు. మూడుసార్లు దొరికితే జీవితాంతం లోపల పడేసే చట్టం కూడా వాళ్లదే. కానీ ఆ జాలీకి ఇవతల నిలబడ్డవాడికి తెలుస్తుంది, గొంతు వినబడకపోవడం ఎంత పెద్ద శిక్షో. ఆ శిక్ష జైల్లో ఉన్నవాడొక్కడికే పడదు. అత్త మీద ఏ కేసూ లేదు.

తెలుగులో జైలుకు ఎన్ని పేర్లున్నాయో చూడండి. అత్తారిల్లు అంటాం, శ్రీకృష్ణ జన్మస్థానం అంటాం, చిప్పకూడు తింటున్నాడంటాం, ఊచలు లెక్కపెడుతున్నాడంటాం. అన్నీ బయట నిలబడి నవ్వుతూ అన్న మాటలే. లోపల రాత్రి ఎనిమిదింటికి ఏం వినబడుతుందో చెప్పే మాట ఒక్కటి లేదు మన దగ్గర. మాట ఎలా ఉంటుంది, ఎవరూ చెప్పనివ్వకపోతే? రాత్రి పదిన్నర తర్వాత మన ఛానళ్లలో వచ్చే క్రైం కార్యక్రమాల్లో పోలీసు అధికారి మాట్లాడతాడు, యాంకరు మాట్లాడతాడు, ముసుగేసిన నిందితుడు తలొంచుకుని నిలబడతాడు. కేసు కొట్టేస్తే ఆ మనిషిని మళ్లీ పిలిచి ముసుగు తీసి కూర్చోబెట్టిన ఛానల్‌ను నేను చూడలేదు.

*

దీనికి చాలామంది సౌమ్యులు మధ్యేమార్గం చూపిస్తారు. జైలు రేడియో పెట్టండి, మంచిదే, ఖైదీల్లో పరివర్తన వస్తుంది అంటారు. వచ్చాయి కూడా. ఆగ్రా జిల్లా జైల్లో 2019 జులై 31న రేడియో మొదలైంది. ఢిల్లీలో జర్నలిజం బోధించే వర్తికా నందా, ఆమె నడిపే తిన్కా తిన్కా సంస్థ దాని వెనకున్నారు. 2021 జనవరిలో హర్యానాలో పానిపట్టు జైలుతో అలాంటివి మొదలయ్యాయి. తీహార్‌లో ఉంది, యెరవాడలో ఉంది. ఇంగ్లాండులో ఫెల్థాం జైల్లో 1994లో మొదలైన చిన్న ప్రయత్నం పెరిగి 2009 నాటికి నేషనల్ ప్రిజన్ రేడియో అయింది. పాటలు, భజనలు, న్యాయసలహాలు, ఆరోగ్యం సంగతులు. కోవిడ్ రోజుల్లో ములాఖత్‌లు ఆగిపోయినప్పుడు హర్యానా జైళ్లలో అవి ఎంత ఊరటనిచ్చి ఉంటాయో నేను ఊహించగలను. వాటిని తక్కువ చేయను. తిన్కా తిన్కావాళ్లు కొన్ని గొంతుల్ని పాడ్‌కాస్టుగా బయటికీ తెస్తున్నారు, అందుకు వాళ్లకు దణ్ణం పెడతాను.

అయితే ఒకటి గమనించారా? ఈ రేడియోలకు ఎక్కడా వ్యతిరేకత లేదు. మంత్రులు రిబ్బన్లు కత్తిరిస్తారు, పత్రికలు మెచ్చుకుంటాయి. ఎందుకంటే అవి దాదాపు అన్నీ లోపలికి తిరిగిన మైకులు. లోపలివాడు మాట్లాడతాడు, లోపలివాడే వింటాడు. బ్యారక్ శాంతంగా ఉంటుంది. గోడ బయటికి తిరిగిన మైకు దగ్గరికొచ్చేసరికి బాధితులు గుర్తొస్తారు, మర్యాద గుర్తొస్తుంది, భద్రత గుర్తొస్తుంది.

పరివర్తన అనే మాట మీద కూడా నాకు పేచీ ఉంది. ఎర్లాన్ వుడ్స్ శిక్షను 2018 నవంబరులో గవర్నరు జెర్రీ బ్రౌన్ తగ్గించి విడుదల చేశారు. అతని పాడ్‌కాస్టును కూడా కారణాల్లో ఒకటిగా చూపారు. తర్వాత మైకు దగ్గర కూర్చున్న రషాన్ థామస్ ఇంకా జైల్లో ఉండగానే, 2020లో ఆ కార్యక్రమం పులిట్జర్ తుదిపోటీ దాకా వెళ్లింది. 2023లో అతనూ బయటికొచ్చాడు. సంతోషమే. కానీ ఈ కథను 'చూడండి, మంచిగా మారితే ఎంత బాగుపడ్డారో' అని చెప్పేవాళ్లు, ఒక దోపిడీ ప్రయత్నానికి 31 ఏళ్లు పైబడిన శిక్ష ఎలా వేశారన్న ప్రశ్నను దాటేస్తారు. మారినవాడి గొంతే వింటాం అనేది లంచం లాంటి షరతు. మారనివాడు, కోపంగా ఉన్నవాడు, చదువు రానివాడు, మాట చక్కగా రానివాడు చెప్పే నిజం నిజం కాకుండా పోదు. బ్యారక్‌లో నీళ్లు రావడం లేదని చెప్పడానికి పశ్చాత్తాపం అర్హత కాకూడదు.

ఇంకోవైపు నుంచి వచ్చే వాదన ఇంతకన్నా బరువైంది. హక్కుల ఉద్యమంలో పనిచేసే నా మిత్రులే అంటారు: అధికారుల కత్తెర కింద నుంచి వచ్చే గొంతు గొంతే కాదు, జైలు శాఖకు అది ప్రచారం. ఇయర్ హసల్ ప్రతి ఎపిసోడునూ శాన్ క్వెంటిన్ అధికారి విని ఒప్పుకున్నాకే బయటికి పంపేవారు. ఇది నిజం. చాలాకాలం ఆ పని చేసింది లెఫ్టినెంట్ శామ్ రాబిన్సన్. కానీ ఎపిసోడు చివర్న ఆయన గొంతే వినిపించేవాళ్లు, ఫలానా అధికారిని, దీన్ని నేను విని ఆమోదించాను అని. నేను మొదటిసారి విన్నప్పుడు అక్కడే ఆగిపోయాను. కత్తెరను దాచలేదు, దానికీ ఒక పేరూ గొంతూ ఇచ్చారు. వినేవాడికి తెలుస్తుంది, ఇందులో కొన్ని లేకపోవచ్చని. మన పత్రికల్లో పోలీసు ప్రకటనను ఉన్నది ఉన్నట్టు అచ్చువేసినప్పుడు ఇది ఫలానా అధికారి ఇచ్చిన మాట అని అంత నిజాయితీగా చెబుతున్నామా? కత్తెర ఉంటే పోరాడదాం. కత్తెర ఉందని గొంతునే వద్దంటే మిగిలేది కత్తెర ఒక్కటే.

*

జైలు గొంతు మనకు కొత్తేమీ కాదు. గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లకు ఇప్పటికీ గైడు ఒక చీకటి కొట్టు చూపిస్తాడు. తానీషా కాలంలో తహసీలు లెక్కల్లో సర్కారు సొమ్ము గుడికి పెట్టాడన్న నేరానికి కంచర్ల గోపన్న అందులో ఉన్నాడు. పన్నెండేళ్లని జనం చెప్పుకుంటారు. ఆ కొట్టులో పుట్టాయని చెప్పుకునే కీర్తనల్లో రాముణ్ణి పొగడ్డం ఎంతుందో, నిలదీయడం అంతుంది. చేయించిన నగల ఖర్చు లెక్క కూడా చెబుతాడు! దెబ్బల బాధ ఓర్చుకోలేక తిడతాడు, మళ్లీ తిట్టినందుకు క్షమించమంటాడు. ఖజానా కాగితాల్లో ఆ మనిషి ముద్దాయి. మనం ఆ గొంతును మూడు వందల ఏళ్లకు పైగా పెళ్లిపందిట్లో, నవమి పందిట్లో, రేడియోలో వింటూనే ఉన్నాం. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని 1922లో రాసింది వేలూరు జైల్లో కూర్చునే. దాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

వాళ్లు వేరు, భక్తుడు, దేశభక్తుడు అని పెద్దాయన ఆ రోజు అననే అన్నారు. ఆ వేరు మనకెప్పుడు తెలిసింది? విన్నాక. వినకముందు లోపలున్న ప్రతివాడూ నంబరే. లోపలున్న ఆ 5,73,220 మందిలో ఎవడు గోపన్నో, ఎవడు ఓబ్రియనో, ఎవడు సిమ్సో వినకుండా తేల్చిచెప్పగలిగే యంత్రం ఎవరి దగ్గరా లేదు. సిమ్స్‌లాంటి వాణ్ణి కూడా వినాలి, అతని అబద్ధాన్ని అబద్ధమని నలుగురిలో తేల్చడానికైనా.

చంచల్‌గూడ, చర్లపల్లి, రాజమండ్రి, విశాఖ, కడప. ఈ జైళ్లలో ఖైదీలు బట్ట నేస్తారు, రొట్టెలు చేస్తారు, తెలంగాణలో పెట్రోలు బంకులు నడుపుతారు. వాళ్ల చేతుల మీద మనకు నమ్మకం ఉంది. మన బండిలో పెట్రోలు పోయించుకుంటాం. ఆ పోసిన మనిషి నెలకోసారి అరగంట రికార్డరు ముందు కూర్చుని, బాధితుల పేర్లు ఎత్తకుండా, కేసు వివరాల్లోకి పోకుండా, అధికారి విన్నాక, ఆ అధికారి పేరు చెప్పి, బయటివాళ్లకు వినిపించడానికి ఏ చట్టం అడ్డొస్తుందో జైళ్ల శాఖలు చెప్పాలి. విచారణ ఖైదీల విషయంలో కేసు దెబ్బతినకుండా లాయరు కూడా వినాలి, అదొక జాగ్రత్త. బాధితుల కుటుంబానికి ముందే కబురు చేయాలి, వాళ్లు కావాలంటే తమ మాట కూడా అందులో ఉండాలి. అసాధ్యమైనవేం అడగడం లేదు.

మామయ్య కేసు కొట్టేశారు. ప్రభుత్వం హైకోర్టుకు అప్పీలుకెళ్లింది, అది ఇంకా పెండింగులో ఉంది. పోయిన దసరాకు ఆయన ఇంట్లో నా ఫోను బల్ల మీద పెట్టి రికార్డు చేశాను. నలభై రెండు నిమిషాలు. ముందు కాసేపు దగ్గు. వెనక అత్త వంటింట్లో కుక్కరు విజిళ్లు. వార్డర్లను చూడకుండా నడకనుబట్టి ఎలా గుర్తుపట్టేవాళ్లో చెప్పాడు, తలల లెక్క తీసే గిన్తీ గంట గురించి చెప్పాడు, రేకుల మీద వాన పడితే బ్యారక్ మొత్తం ఎలా మాటలాపేసి వినేదో చెప్పాడు. ముప్పై ఒకటో నిమిషం దగ్గర, నేను అడగకుండానే, ఆ రాత్రి గురించి చెప్పాడు. ఎవరు ముందు చెయ్యెత్తారో, చనిపోయినాయన చివరికి ఏమన్నాడో. అప్పీలు తేలేదాకా ఇది ఎవరి చెవినా పడకూడదని లాయరు గట్టిగా చెప్పారు.

చనిపోయినాయన భార్య ఇల్లు మా వీధిలోనే, రామాలయం దాటాక. నేను పిన్నీ అని పిలుస్తాను. సంక్రాంతికి వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కూర్చోమంది. పిల్లల చదువుల గురించి అడిగింది. చాటలో చెయ్యి ఆపి, తలెత్తకుండానే అంది:

"మీ మామ వచ్చాక నీతో ఏమన్నా చెప్పాడా అబ్బాయ్? ఆ రాత్రి మా ఆయన ఏమన్నా అన్నాడటనా?"

ఫోను నా జేబులోనే ఉంది. ఏమీ చెప్పలేదు పిన్నీ అన్నాను.